బధిర పిల్లల టీచర్ కావాలంటే: స్పెషల్ డీఎడ్డా, బీఎడ్డా, సైన్ లాంగ్వేజ్ కోర్సా?

పోయిన వేసవిలో మా పక్కింటి అమ్మాయి ఇంటర్ మార్కుల మెమో పట్టుకుని మా ఇంటికి వచ్చింది. “ఆంటీ, మీలాగా డెఫ్ స్కూల్లో టీచర్ అవ్వాలంటే ఇప్పుడే స్పెషల్ డీఎడ్‌లో చేరిపోనా, డిగ్రీ అయ్యాక స్పెషల్ బీఎడ్ చేయనా?” అని అడిగింది. వెనకాలే వాళ్ళ నాన్న. ఆయన అడిగింది వేరే. “ఏది చేస్తే డీఎస్సీకి పనికొస్తుందండీ మేడమ్?”

ఇద్దరూ అడగాల్సిందే అడిగారు. కాకపోతే నేను ఇద్దరినీ కూర్చోబెట్టి ముందు ఇంకో మాట అడిగాను. “ఏ వయసు పిల్లలతో ఉండాలనుంది నీకు?” రెండేళ్ల పాప చెవికి మెషిన్ పెట్టి, డప్పు వినపడినప్పుడల్లా డబ్బాలో ఒక గోళీ వేయించడం ఒక పని. పదో తరగతి కుర్రాడికి చేతులతో కిరణజన్య సంయోగక్రియ చెప్పడం ఇంకో పని. బయటివాళ్ళకు రెండూ బధిరుల టీచర్ ఉద్యోగమే. లోపలికి వస్తే చదివే కోర్సు వేరు, కావలసిన ఓపిక వేరు, పిల్లలతో మాట్లాడే భాష కూడా వేరు. ఆ అమ్మాయికి సాయంత్రం దాకా చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు నంబరు సంగతి

మామూలు టీచర్ ట్రైనింగ్‌ను ఎన్‌సీటీఈ అనే కేంద్ర సంస్థ చూసుకుంటుంది. మన కోర్సులను చూసుకునేది రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. అందరూ ఆర్‌సీఐ అంటారు. 1992 నాటి చట్టం కింద నడుస్తున్న సంస్థ. కోర్సు పాసయ్యాక వాళ్ళ సెంట్రల్ రిజిస్టర్‌లో మీ పేరు ఎక్కాలి. అప్పుడు వచ్చేదే సీఆర్‌ఆర్ నంబర్. అది లేకుండా స్పెషల్ టీచర్‌గా పనిచేయడం ఆ చట్టం ప్రకారం నేరం. ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. జైలుకు వెళ్ళినవాళ్ళను నేను చూడలేదు గానీ, నంబరు చేతిలో లేక సర్టిఫికెట్ల వెరిఫికేషన్ నుంచి ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చినవాళ్ళను చూశాను. నంబరు వచ్చేసింది కదా అని ఊరుకోవడానికీ లేదు. ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. అందుకు ఈలోగా ఆర్‌సీఐ ఒప్పుకున్న వర్క్‌షాపులకు, సెమినార్లకు వెళ్ళి పాయింట్లు పోగేసుకోవాలి.

అందుకే ఏ కోర్సును దేనితో పోల్చుకున్నా మొదటి జల్లెడ ఇదే. దీని నుంచి సీఆర్‌ఆర్ నంబర్ వస్తుందా, రాదా? మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్ అని ఫోన్లో రోజూ ప్రకటనలు వస్తుంటాయి. ఇంట్లో బధిర బిడ్డ ఉన్న తల్లికి అవి ఎంతో కొంత పనికొస్తాయేమో. ఉద్యోగానికి మాత్రం పనికిరావు.

ఇంకో మెలిక ఉంది. ఆర్‌సీఐ గుర్తింపు కాలేజీ మొత్తానికి ఇచ్చేది కాదు. ఒక్కో కోర్సుకు, అందులో ఒక్కో వైకల్య విభాగానికి, ఇన్ని సీట్లకు, ఫలానా విద్యా సంవత్సరాలకు అని లెక్కగా ఇస్తారు. మన విభాగాన్ని హెచ్‌ఐ అంటారు, అంటే హియరింగ్ ఇంపెయిర్‌మెంట్. నా స్నేహితురాలు ఒకామె చేరిన ప్రైవేటు కాలేజీ గోడ మీద ఆర్‌సీఐ గుర్తింపు అని ఇంతింత అక్షరాలు. ఆ గుర్తింపు బుద్ధిమాంద్యం విభాగానికి ఉంది, హెచ్‌ఐకి గడువు అయిపోయింది. ఆ సంగతి ఆమెకు పరీక్షల ముందు హాల్ టికెట్ రానప్పుడు గానీ తెలియలేదు. రెండేళ్లు, కట్టిన ఫీజు, ఆపైన కాళ్ళరిగేలా తిరుగుడు. ఫీజు కట్టకముందే ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో రాష్ట్రాలవారీగా ఉన్న జాబితా తెరిచి, కాలేజీ పేరు, పక్కన మీ కోర్సు, మీరు చేరే సంవత్సరం మూడూ ఉన్నాయో లేదో మీ కళ్ళతో చూసుకోండి. కాలేజీవాళ్ళు చూపించే జిరాక్స్ కాగితం నమ్మకండి.

డీఎడ్, బీఎడ్: తేడా రెండేళ్లు కాదు

పైపైన చూస్తే పోలిక చాలా సులువు. స్పెషల్ డీఎడ్‌కు ఇంటర్‌లో 50 శాతం ఉండాలి, రెండేళ్ల కోర్సు. స్పెషల్ బీఎడ్‌కు డిగ్రీలో 50 శాతం ఉండాలి, అదీ రెండేళ్లే. 2015కు ముందు చేసినవాళ్ళకు ఏడాదితో అయిపోయేది. మార్కుల్లో రిజర్వేషన్ వర్గాలకు, దివ్యాంగులకు సడలింపు ఉంటుంది. డీఎడ్ ఉంటే ఎస్‌జీటీ, అంటే చిన్న తరగతుల టీచర్ పోస్టు, టెట్ పేపర్ వన్. బీఎడ్ ఉంటే స్కూల్ అసిస్టెంట్, అంటే పైతరగతుల టీచర్ పోస్టు, టెట్ పేపర్ టూ.

పక్కింటాయనకు కావలసిన లెక్కలు కూడా చెప్పేస్తాను. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు స్పెషల్ టీచర్ల గురించి గట్టిగా ఒక తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత కేంద్రం 2022లో, ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న ప్రతి 10 మంది పిల్లలకు ఒక స్పెషల్ టీచర్, ఆ పైతరగతుల్లో ప్రతి 15 మందికి ఒకరు అని లెక్క కట్టింది. అప్పటిదాకా అసలు పోస్టులే లేని చోట పోస్టులు పుట్టడం మొదలైంది. తెలంగాణ 2024 డీఎస్సీలో మొత్తం 11,062 ఉద్యోగాలుంటే, అందులో స్పెషల్ ఎడ్యుకేషన్ ఎస్‌జీటీలు 796, స్కూల్ అసిస్టెంట్లు 220. ఆంధ్రప్రదేశ్ 2025లో 2,260 స్పెషల్ టీచర్ పోస్టులు మంజూరు చేసింది. అందులో 1,136 ఎస్‌జీటీ, 1,124 స్కూల్ అసిస్టెంట్. అంటే తెలంగాణలో తూకం డీఎడ్ వైపు మొగ్గింది, ఆంధ్రలో దాదాపు సమానం. మళ్ళీ నోటిఫికేషన్ వచ్చేనాటికి ఈ నిష్పత్తి ఇలాగే ఉంటుందని రాసిచ్చేవాళ్ళెవరూ లేరు. ఈ లెక్క చూసి మాత్రమే కోర్సు ఎంచుకుంటే, రేపు లెక్క మారితే మిగిలేది టెన్షనే.

నా దృష్టిలో అసలు తేడా క్లాసు గదిలో ఉంది. డీఎడ్‌లో మీకు నేర్పేది సున్నా నుంచి భాష పుట్టించడం. వినే పిల్లలు బడికి వచ్చేసరికే తెలుగు మాట్లాడేస్తుంటారు, మనం అక్షరాలు నేర్పితే చాలు. బధిర పిల్లల్లో చాలామంది అయిదారేళ్లకు బడికి వచ్చినా ఏ భాషా పూర్తిగా లేకుండానే వస్తారు. కొందరికి తన పేరని ఒకటుంటుందని కూడా తెలియదు. ఆ పిల్లలకు మాట ఎలా అందించాలో చెప్పే పద్ధతులు డీఎడ్‌లో రోజూ చేతులతో చేయిస్తారు. డైరెక్టెడ్ యాక్టివిటీ, విజిట్, అన్‌సీన్ పిక్చర్ అని మా స్టాఫ్ రూములో నిత్యం వినపడే మాటలు ఇవే.

డైరెక్టెడ్ యాక్టివిటీ అంటే ఏమిటో ఒకటి చెబుతాను. మూడో తరగతిలో నిమ్మరసం చేశాం. నిమ్మకాయలు, పంచదార, ఉప్పు, బిందె, గ్లాసులు అన్నీ బల్ల మీద పెట్టి, ఒక్కొక్కళ్ళతో ఒక్కో పని చేయించి, ప్రతి పనికీ ఒక వాక్యం బోర్డు మీద రాయించాను. “నేను నిమ్మకాయ కోశాను.” బాగుంది. తర్వాత వచ్చిన బాబు “నేను గ్లాసు నీళ్ళు పోశాను” అని రాశాడు. వాడు పోసింది గ్లాసులో. ఆ ‘లో’ ఎగిరిపోయింది. వాడి తప్పు కాదది. ‘లో, కి, తో’ లాంటివి మాటలో చివర్న సన్నగా పలుకుతాం, మెషిన్ పెట్టుకున్నా సరిగా అందవు, పెదాల మీద కనిపించవు. సైగల్లో చూస్తే ‘లో’ అనడానికి విడిగా ఒక చెయ్యి అక్కర్లేదు. ఒక చేతిని గ్లాసులా పట్టుకుని రెండో చేతిని అందులోకి వంచితే అర్థమైపోతుంది. అంటే వాడికి విషయం తెలుసు, తెలుగు విభక్తి తెలియదు. ఆ రోజు పీరియడ్ మొత్తం ‘గ్లాసులో, బిందెలో, నోట్లో’ మీదే గడిచింది. నిమ్మరసం తాగడానికి బెల్లు దాకా ఆగాల్సి వచ్చింది, అది వేరే గొడవ.

ఇలాంటి పని మీకు ఇష్టమైతే డీఎడ్ మీ కోర్సు. బీఎడ్‌లో దీని మీద పాఠాలు ఉంటాయి గానీ బరువు సబ్జెక్టు మెథడాలజీ మీద, మనస్తత్వశాస్త్రం మీద, సమ్మిళిత విద్య మీద పడుతుంది. లెక్కలో సైన్సో ఇష్టపడి చదివినవాళ్ళు, ఆరు నుంచి పదో తరగతి పిల్లలతో ఉండాలనుకునేవాళ్ళు బీఎడ్‌కు వెళ్ళాలి. డెఫ్ స్కూళ్ళలో పైతరగతులకు సబ్జెక్టు బాగా వచ్చిన టీచర్ల కొరత నేను కళ్ళారా చూస్తున్నాను. సైగలు బాగా వచ్చి లెక్కలు రాని టీచర్ దగ్గర పిల్లలు నవ్వుతూ ఫెయిలవుతారు.

ఇంటర్ అయినవాళ్ళకు ఈ పనే చేయాలని గట్టిగా ఉంటే నేను డీఎడ్ ముందు చేయమంటాను. ఇరవై ఏళ్లకు చేతిలో నంబరు ఉంటుంది. ఉద్యోగం చేస్తూ డిగ్రీ, ఆ పైన బీఎడ్ చేసుకోవచ్చు. చివరికి చిన్నపిల్లల దగ్గర నేర్చుకున్న భాషాబోధనతో పెద్ద తరగతులకు వెళతారు. ఆ వరసలో వచ్చిన టీచర్లు మా స్కూల్లో ఇద్దరున్నారు. నేను అలా రాలేదు, సూటిగా బీఎడ్ చేసి వచ్చాను. ‘గ్లాసులో’ సంగతి అర్థం కావడానికి నాకు మూడేళ్లు పట్టింది. డిగ్రీ అయిపోయినవాళ్ళు మాత్రం వెనక్కి వెళ్ళి డీఎడ్ చేయాల్సిన పని లేదు. ఎస్‌జీటీ పోస్టే కావాలంటే తప్ప.

బీఎడ్ అనుకునేవాళ్ళకు ఒక హెచ్చరిక. 2024 జనవరిలో ఆర్‌సీఐ రెండేళ్ల స్పెషల్ బీఎడ్ నుంచి డిగ్రీ, బీఎడ్ కలిసిన నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు వైపు మళ్ళుతున్నట్టు సర్క్యులర్ ఇచ్చింది. అప్పటి నుంచి ఎవరి నోట విన్నా ఒక్కో మాట. పాత సీనియర్లు చెప్పింది పక్కన పెట్టి, మీరు చేరే ఏడాది జాబితాలో ఏముందో అదే చూసుకోండి.

రెగ్యులరా, దూరవిద్యా?

హైదరాబాద్‌లోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ స్పెషల్ బీఎడ్‌ను దూరవిద్యలో నడుపుతోంది. రెండున్నరేళ్లు, ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఇప్పటికే ఏదో ఒక స్కూల్లో పనిచేస్తున్నవాళ్ళకు, ఇల్లు వదిలి హాస్టల్‌కు వెళ్ళలేని ఆడవాళ్ళకు ఇది నిజంగా వరం. నాకు తెలిసిన మంచి టీచర్లలో కొందరు అక్కడ చదివినవాళ్ళే. అయితే వాళ్ళంతా అప్పటికే రోజూ బధిర పిల్లల మధ్య ఉన్నవాళ్ళు. పొద్దున క్లాసులో చూసిన సమస్య రాత్రి పుస్తకంలో కనిపించేది.

కొత్తగా వచ్చేవాళ్ళకు మాత్రం రెగ్యులరే మేలంటాను. కారణం చాలా చిన్నది. పొద్దున ప్రార్థన అయ్యాక క్లాసులో మేం మొదట చేసేది పాఠం కాదు, మెషిన్ల పరీక్ష. నోటికి కాగితం అడ్డం పెట్టుకుని, పిల్లవాడికి పెదాలు కనపడకుండా ఆరు శబ్దాలు పలకాలి: మ్, ఊ, ఆ, ఈ, ష్, స్. వినపడినప్పుడల్లా వాడు చప్పట్లు కొట్టాలి, లేదా తిరిగి అనాలి. మ్, ఊ లావు గొంతు శబ్దాలు. ష్, స్ సన్నవి. ఈ ఆరూ అందితే మాటలో ఉన్న శబ్దాలన్నీ దాదాపుగా అందుతున్నట్టు. నిన్నటిదాకా ‘ష్’కు చప్పట్లు కొట్టిన పిల్ల ఇవాళ బొమ్మలా కూర్చుంటే, బ్యాటరీ దిగిపోయిందా, ట్యూబులో చెమట నీరు చేరిందా, చెవిలో గులిమి ఉందా, జలుబు చేసిందా అని వరసగా చూడాలి. స్టెతస్కోపులాంటి గొట్టం మెషిన్‌కు తగిలించి మన చెవితో వినాలి. మెషిన్ కూ అని కూస్తుంటే, చెవిలో పట్టేలా పోసిన అచ్చు వదులైందని అర్థం. పిల్లల చెవి పెరుగుతుంది, అచ్చు పెరగదు.

ఇది పుస్తకంలో అర పేజీ. చేయి తిరగడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఇరవై మంది పిల్లల మెషిన్లు పది నిమిషాల్లో చూడగలగడం రోజూ చేస్తేనే వస్తుంది. శని, ఆదివారాల క్లాసుల్లో రాదు. ఏదో ఒక సంస్థలో ప్రాక్టీసు అయినట్టు రికార్డు రాయించుకుని సంతకం పెట్టించుకోవచ్చని కొందరు సలహా ఇస్తారు. ఇలా వచ్చిన ఒకాయన మా దగ్గర చేరి, మెషిన్ ఏ వైపు తిప్పి పెట్టాలో ఎనిమిదేళ్ల పాప చేత చెప్పించుకున్నాడు.

రెగ్యులర్ అంటే మనకు దగ్గర్లో పెద్ద చోటు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ వాక్, శ్రవణ వైకల్యాల సంస్థ ప్రాంతీయ కేంద్రం. ముఖ్య సంస్థ ముంబై బాంద్రాలో 1983లో మొదలైంది. ఆ అలీ యావర్ జంగ్ మన హైదరాబాదీనే. ఉస్మానియా యూనివర్సిటీకి వైస్ చాన్సలర్‌గా చేసి, చివరికి మహారాష్ట్ర గవర్నర్ అయ్యారు. దక్షిణాన ఇంకో పేరున్న చోటు మైసూరులోని ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్, 1965 నాటిది. చదువు అక్కడ చాలా బాగుంటుంది. కానీ మీరు రేపు తెలుగు పిల్లలకు ‘లో, కి, తో’ నేర్పాలి కదా, ప్రాక్టీసు కన్నడ పిల్లలతో చేస్తే సగం పని మళ్ళీ ఇక్కడికి వచ్చి నేర్చుకోవాలి. పేరు కన్నా ప్రాక్టీసు స్కూలు ఏ భాషలో నడుస్తుందో అడగండి. ఈ ప్రశ్న ఎవరూ అడగరు.

పసిపిల్లల వైపు వెళ్ళాలనుకుంటే

మూడేళ్ల లోపు పిల్లలంటే ప్రాణం అనేవాళ్ళకు ఏడాది డిప్లొమా ఒకటి ఉంది, చిన్నపిల్లల ప్రత్యేక విద్యలో, హెచ్‌ఐ విభాగంలోనే. చెన్నైలో 1969 నుంచి నడుస్తున్న బాల విద్యాలయ ఈ పనికి పేరుపడ్డ చోటు. అక్కడ తల్లులను కూడా పిల్లలతో పాటు కూర్చోబెట్టి నేర్పుతారు. ఈ డిప్లొమాతో డీఎస్సీ ఆశ పెట్టుకోకండి. ఆస్పత్రుల్లో, క్లినిక్కుల్లో, ప్రీస్కూళ్ళలో మాత్రం మంచి గిరాకీ.

ఇక్కడే చాలామంది బీఏఎస్‌ఎల్‌పీతో కలగాపులగం చేసుకుంటారు. అది ఆడియాలజిస్టు, స్పీచ్ థెరపిస్టుల డిగ్రీ. ఇంటర్‌లో సైన్సు ఉండాలి. ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. వినికిడి పరీక్ష చేయడం, మెషిన్ అమర్చడం, మాట నేర్పే థెరపీ వాళ్ళ పని. సంపాదన టీచర్ కన్నా బాగానే ఉంటుంది, సొంతంగా క్లినిక్ పెట్టుకోవచ్చు. కానీ ఒక పిల్లవాడు వాళ్ళ ముందు కూర్చునేది ఒక ముప్పావు గంట. మా ముందు కూర్చునేది పదేళ్లు. ఏది కావాలో మీ స్వభావాన్ని బట్టి ఉంటుంది. బీఏఎస్‌ఎల్‌పీతో టీచర్ పోస్టుకు దరఖాస్తు చేయలేరని మాత్రం గుర్తుంచుకోండి.

ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్లు వచ్చాక పసిపిల్లల పని బాగా పెరిగింది. మన దగ్గర ఆరోగ్యశ్రీ లాంటి రాష్ట్ర పథకాల కింద, కేంద్రం నుంచి దివ్యాంగులకు పరికరాలిచ్చే అడిప్ పథకం కింద పేద పిల్లలకు కూడా ఆపరేషన్లు అవుతున్నాయి. ఆపరేషన్ ఒక్క రోజు పని. ఆ తర్వాత శబ్దాన్ని మాటగా మార్చుకోవడానికి ఏళ్ల తరబడి థెరపీ కావాలి. కొందరు థెరపిస్టులు ‘సైగలు చేయనివ్వకండి, చేస్తే మాట రాదు’ అని తల్లిదండ్రులను భయపెడతారు. నేను ఒప్పుకోను. ఈ గొడవ కొత్తది కాదు. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల విద్య మీద జరిగిన మహాసభ సైగలను పక్కన పెట్టి మాటతోనే చదువు చెప్పాలని తీర్మానించింది. ఆ దెబ్బకు ఎన్నో దేశాల్లో తరాల కొద్దీ పిల్లలు క్లాసులో చేతులు కట్టుకుని కూర్చున్నారు. 2010లో కెనడాలోని వాంకూవర్‌లో అదే పరంపర మహాసభ ఆ తీర్మానాలను తోసిపుచ్చి విచారం వ్యక్తం చేసింది. నూట ముప్పై ఏళ్లు పట్టింది ఆ మాట అనడానికి. పెదాలు చూసి అర్థం చేసుకోమనేవాళ్ళు ఒకసారి అద్దం ముందు నిలబడి గొంతు రాకుండా పాప, మామ, బాబా అని చూడండి. మూడింటికీ పెదాలు ఒకేలా కదులుతాయి.

సైన్ లాంగ్వేజ్ విడిగా నేర్చుకోవాలా?

నేర్చుకోవాలి. ఈ ఒక్క విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. డీఎడ్ చేసినా బీఎడ్ చేసినా, సైన్ లాంగ్వేజ్ సిలబస్‌లో ఉన్నది చాలదు. నేను ట్రైనింగ్ నుంచి బయటికి వచ్చేసరికి నాకు వచ్చిన సైగలు ఓ రెండు వందలు ఉంటాయేమో. రంగులు, పండ్లు, జంతువులు. మొదటి వారం ఏడో తరగతి పిల్ల ఒకతె ఏడుస్తూ నా దగ్గరికి వచ్చి రెండు నిమిషాలు ఏదో చెప్పింది. నాకు అర్థమైంది ‘అమ్మ’, ‘రాలేదు’. మిగతాది ఆయమ్మ చెప్పింది. స్కూల్లో ఇరవై ఏళ్లుగా అన్నం వడ్డించే ఆయమ్మకు నాకన్నా సైన్ బాగా వచ్చు, ఆవిడకు ఏ సర్టిఫికెట్టూ లేదు.

ఢిల్లీలో ఐఎస్‌ఎల్‌ఆర్‌టీసీ అనే కేంద్ర సంస్థ ఉంది, 2015 సెప్టెంబరు 28న పుట్టింది. భారతీయ సంజ్ఞా భాష మీద పరిశోధన, శిక్షణ దాని పని. వాళ్ళ నిఘంటువు 2021కల్లా 10,000 పదాలకు చేరింది. వీడియోలన్నీ యూట్యూబ్‌లో ఉచితంగా చూడొచ్చు. 2024 డిసెంబరు నుంచి కేంద్రం నడిపే పీఎం ఈ-విద్య టీవీ పాఠాల్లో 31వ చానల్ సంజ్ఞా భాషకే కేటాయించారు. జాతీయ ఓపెన్ స్కూల్ (ఎన్‌ఐఓఎస్) 2021 నుంచి సంజ్ఞా భాషను పదో తరగతి స్థాయిలో ఒక భాషగా నేర్పుతోంది. కాబట్టి వనరులు లేవని ఎవరూ అనలేరు.

కోర్సుల విషయానికి వస్తే రెండు డిప్లొమాలు ఉన్నాయి, రెండూ రెండేళ్లవే. వినగలిగినవాళ్ళు చేసేది డిస్లి, అంటే సంజ్ఞా భాష ఇంటర్‌ప్రెటర్ డిప్లొమా. బధిరులే చేసేది డీటిస్లి, సంజ్ఞా భాష నేర్పే టీచర్ డిప్లొమా. డిస్లి చేస్తే కోర్టుల్లో, ఆస్పత్రుల్లో, సభల్లో, టీవీలో దుబాసీగా పనిచేయొచ్చు. చాలా అందమైన వృత్తి. కానీ దుబాసీ వేరు, టీచర్ వేరు. డిస్లితో ఎస్‌జీటీ పోస్టు రాదు. డీఎడ్ చేశాక డిస్లి కూడా చేసిన టీచర్ దొరికితే ఏ స్కూలైనా కళ్ళకద్దుకుంటుంది. నాలుగేళ్లు పెట్టగలిగే ఇంటి పరిస్థితి ఉంటే ఈ జత కన్నా మంచిది నాకు తోచదు. అంత తీరిక లేనివాళ్ళు ఊళ్ళో బధిరుల సంఘం ఎక్కడ కూడుతుందో తెలుసుకుని, ఆదివారం వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చోండి. వీడియోల్లో పదాలు వస్తాయి, మాట్లాడటం మనుషుల దగ్గరే వస్తుంది.

చదువుతున్న మీరే బధిరులైతే డీటిస్లి గురించి తప్పకుండా ఆలోచించండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, సంజ్ఞా భాష వచ్చిన టీచర్లను, అందులోనూ దివ్యాంగులైన టీచర్లను నియమించుకోమని ప్రభుత్వాలకు చెబుతోంది. మా స్కూల్లో ఒక బధిర మాస్టారు వచ్చిన ఏడాది పిల్లలు ఎంత మారారో నేను చూశాను. పెద్దయ్యాక మనమూ ఇలా అవ్వొచ్చని వాళ్ళకు అప్పటిదాకా ఎవరూ చూపించలేదు.

ఈ భాష మనకు అనుకున్నంత పరాయిది కూడా కాదు. ప్రశ్న పదం చివర వస్తుంది, అచ్చం మన ‘నీ పేరేంటి’లాగే. క్రియ కూడా చివరికే. కష్టం ముఖంతో వస్తుంది. కనుబొమలు ఎత్తితే ప్రశ్న, ఎత్తకపోతే మామూలు వాక్యం. ముఖం కదలకుండా చేతులే ఆడించే కొత్త టీచర్‌ను చూసి పిల్లలు, యంత్రం మాట్లాడుతోంది అన్నట్టు ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుంటారు.

ఉద్యోగం ఎక్కడ, ఎలా ఉంటుంది

ఇది క్లుప్తంగా చెబుతాను. హైదరాబాద్ మలక్‌పేటలో, బాపట్లలో ప్రభుత్వ బధిర విద్యాసంస్థలున్నాయి. తిరుపతిలో టీటీడీ నడిపే బధిర పాఠశాల ఉంది. ఇలాంటి చోట్ల మీ ముందు ఉండేది బధిర పిల్లలే, హాస్టల్ కూడా ఉంటే రాత్రి పూట కూడా మీరు టీచరే. పోస్టులు తక్కువ. మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉన్న భవిత సెంటర్లలో ఐఈఆర్‌పీలుగా, అంటే సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్లుగా, కాంట్రాక్టు మీద పనిచేయొచ్చు. అక్కడ హెచ్‌ఐ పిల్లలు ఇద్దరో ముగ్గురో ఉంటారు. మిగతావాళ్ళు బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు. మంచంలో ఉన్న పిల్లల ఇళ్ళకు కూడా వెళ్ళాలి. డీఎస్సీలో వచ్చే స్పెషల్ పోస్టులూ అంతే, బధిరుల కోసమే కాదు, స్కూల్లో ఉన్న ప్రత్యేక అవసరాల పిల్లలందరికీ మీరే. రెండేళ్లు హెచ్‌ఐ చదివి ఇలాంటి చోట చేరినవాళ్ళు మొదట్లో బిత్తరపోతారు. చదివేటప్పుడే మిగతా విభాగాల పేపర్లను పాస్ మార్కుల కోసం కాకుండా కాస్త మనసు పెట్టి చదవమని అందుకే చెబుతాను. ప్రైవేటులో జీతం స్కూలును బట్టి, బేరాన్ని బట్టి. అంతకన్నా చెప్పడానికేం లేదు.

పక్కింటి అమ్మాయిని అప్పుడే ఏదీ తేల్చుకోవద్దన్నాను. స్కూళ్ళు తెరిచాక హెడ్‌మాస్టారి అనుమతి తీసుకుని మూడు రోజులు మా క్లాసులో వెనక బెంచీలో కూర్చోబెట్టాను. మొదటి రోజు బిక్కుబిక్కుమంటూ ఉంది. బడిలో గంట కొట్టినా ఎవరూ లేవరు, లైటు ఆర్పి వేస్తే లేస్తారు. అరుపులు, కేకలు ఎక్కువే, అవి ఎవరికీ వినపడవంతే. రెండో రోజు ఒకటో తరగతి పాప ఈమె చెయ్యి పట్టుకుని ‘అన్నం’ సైగ సరిచేసింది. మూడో రోజు మధ్యాహ్నానికి పిల్లలు ఈమెకు పేరు పెట్టేశారు. బధిరుల్లో సైన్ పేరు మనం పెట్టుకునేది కాదు, వాళ్ళు పెట్టేది. నాది ముక్కు మీద కళ్ళజోడు పైకి నెట్టుకునే సైగ. ఈ అమ్మాయిది జడ ముందుకు వేసుకోవడం. కంగారు పడ్డప్పుడల్లా జడ ముందుకు లాక్కుంటుందని వాళ్ళు మూడు రోజుల్లో కనిపెట్టారు, మేం పద్దెనిమిదేళ్లుగా పక్కింట్లో ఉండి గమనించలేదు.

డీఎడ్‌కు దరఖాస్తు పెట్టింది. ఆదివారాలు బధిరుల సంఘానికి నాతో వస్తోంది. వాళ్ళ నాన్న మాత్రం ఇప్పటికీ పొద్దున్నే పేపర్ తిరగేసి గోడ అవతల నుంచి అడుగుతూనే ఉంటారు, “మేడమ్, నోటిఫికేషన్ ఏమైనా పడిందా?” అని.